తాత్కాలికంగా పెట్టిన ఫైలు

నేను చేసిన తప్పు రెండు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. కంప్యూటర్లో ఒక ఫైలుని పదికాలాలు ఉండే చోట పెట్టకుండా, మెషిన్ ఆపగానే ఖాళీ అయిపోయే చోట పెట్టాను. మా వృత్తిలో ఇలాంటివి రోజుకి నాలుగు జరుగుతాయి, ఎవరూ ఎవర్నీ ఉరి తియ్యరు. కాకపోతే నేను తెలిసి పెట్టాను. నెలా పదిహేను రోజులు, తెలిసీ, అక్కడే పెడుతూ వచ్చాను.

అమలాపురంలో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుంటాను. ఉద్యోగం బెంగుళూరు కంపెనీలో, పని చేసేది ఇంట్లోంచే. పెళ్ళయింది, విడిపోయాం, ఆ సంగతి ఇక్కడ అనవసరం. అమ్మ నాతోనే ఉండేది. అమ్మ పోయాక తెలిసింది, రైస్ కుక్కర్లో అరగ్లాసు బియ్యం పోస్తే అడుగంటుతుందని. గ్లాసు పోస్తే రెండు రోజులు తినాలి. నేను రెండు రోజులూ తినేదాన్ని. పనిరోజుల్లో మీటింగులుంటాయి గనక నా గొంతు నాకు వినపడేది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి అందరూ తెరమీంచి మాయమైతే, మళ్ళీ సోమవారం పదింటిదాకా నేను నోరు తెరిచేది పళ్ళు తోముకోవడానికీ అన్నం తినడానికీ మాత్రమే. సోమవారం పొద్దున్న "గుడ్ మార్నింగ్" అంటే గొంతు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా అని అడిగేవారు. అవునని చెప్పేదాన్ని.

నా పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నా తప్పు అర్థం కాదు. లినక్స్ అనే వ్యవస్థ మీద ఒకచోట తయారుచేసిన ప్రోగ్రాం ఇంకోచోట ఎందుకు నడవడం లేదో చూడ్డం నా ఉద్యోగం. మా వైపు పెళ్ళికి వచ్చే వంటవాళ్ళు గరిటెలూ జల్లెళ్ళూ తెచ్చుకుంటారు గానీ గుండిగలు మోసుకురారు. రామాలయంలోనో చర్చిలోనో ఊరుమ్మడి గుండిగలుంటాయి, అవి తెచ్చుకుని వండుతారు. లినక్స్‌లో ప్రోగ్రాములూ అంతే. శబ్దం వినిపించడం, అక్షరాలు చూపించడంలాంటి పెద్ద పనులకి కావలసిన సరంజామా ప్రతిదీ వెంట తెచ్చుకోదు. మెషిన్లో అందరికీ ఉమ్మడిగా ఉండే ఫైళ్ళని వాడుకుంటుంది. వాటినే షేర్డ్ లైబ్రరీలంటాం. వంటవాళ్ళు వచ్చేసరికి గుండిగ లేకపోతే కనీసం కేకలేస్తారు. ప్రోగ్రాం అలా కాదు. దాని బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే బాణం గుర్తు కాసేపు గిరగిరా తిరిగి ఊరుకుంటుంది. ఏం లేదో, ఎందుకు లేదో చెప్పదు. ఇరవయ్యేళ్ళుగా ఈ మూగ వేషాలతోనే నా సంసారం.

ఆ ఫైలు ఎవరి కంప్యూటర్లో పెట్టానో ఆయన్ని మొదటిసారి చూసింది అమ్మ పెద్దకర్మ కార్డుల కోసం వెళ్ళినప్పుడు. అమ్మ పుట్టిల్లు రాజోలు వైపు గనక కార్యం అక్కడే చేశాం. తాటిపాక సెంటర్లో ఆయనకి చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కర్మ కార్డులు, దరఖాస్తులు, ఏదైనా తెలుగులో టైపు చేసి ప్రింటు తీసిస్తారు. యాభై దాటిన మనిషి, బక్కగా ఉంటారు, గొంతు మాత్రం చెరువు అవతలి గట్టుకి వినపడుతుంది. ఆయన పద్ధతి ఒకటుంది. టైపు చేసిన ప్రతి కార్డునీ ప్రింటు తియ్యబోయే ముందు మొదట్నుంచి చివరిదాకా బిగ్గరగా చదివి వినిపిస్తారు. "సదువు రానోళ్ళు కూడా వస్తారు కదండీ, ఆళ్ళ తప్పులు ఆళ్ళే పట్టుకోవాలి కదా" అన్నారు. మా అమ్మ పేరు అంత నిండుగా పలికిన మనిషి నాకు ఈ మధ్య తారసపడలేదు. షాపులో నిలబడి ఏడ్చేశాను. ఆయన స్టూలు లాగి, "కూర్చోండమ్మా" అని ఫ్యాను నా వైపు తిప్పారు.

ఎనిమిది నెలల తర్వాత ఆయన దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. గొంతులో పుండు లేచింది, స్వరపేటిక తీసేస్తారట, మూడు వారాలు టైముంది. "మీరు కంప్యూటర్ల పని చేస్తారు కదండీ. నా గొంతుని ఎక్కడైనా దాచగలరా?" అని రాశారు.

వెళ్ళాను. సంగతేమిటంటే, ఆయన భార్య కువైట్‌లో ఉంది. ఒకరింట్లో వంటపని, ఏడేళ్ళుగా. రెండేళ్ళకోసారి వచ్చి నెల ఉండి వెళ్తుంది. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ భోజనాలయ్యాక, మనకి సాయంత్రం నాలుగింటికి, ఆవిడకి ఒక గంట ఖాళీ. ఆ గంట ఆయనతో మాట్లాడుతుంది. ఆ ఇంట్లో వీడియో తీస్తే ఒప్పుకోరు, కాబట్టి మాటే. గొంతు పోతే మెసేజీలు రాసుకోవచ్చు కదా అని నేను అడగబోయాను. ఆయనే ముందు చెప్పేశారు. "దానికి చదువు రాదండి." మా వైపు సగం శుభలేఖలు టైపు చేసిన మనిషి పెళ్ళానికి అక్షరం ముక్క రాదు. "నేర్పిద్దాం నేర్పిద్దాం అనుకుంటానే ఉన్నానండి. ఆళ్ళ కార్డులూ ఈళ్ళ కార్డులూ కొట్టడంతో సరిపోయింది" అన్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. ఆ మాట ఆయనే అన్నారు, నేను కాదు.

తొమ్మిది రోజులు రికార్డు చేశాం. షాపు షట్టరు సగం దించి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపేసి, ఆ ఎండల్లో ఇద్దరం చెమటలు కక్కుతూ. రాజోలు బస్సు వచ్చినప్పుడల్లా ఆపాలి. పక్కన కొబ్బరికాయల లారీకి లోడెత్తుతుంటే ఆపాలి. నేను బుద్ధిగా మాటల జాబితా ఒకటి తయారుచేసుకుని వెళ్ళాను, నమస్కారం, ధన్యవాదాలు, దయచేసి. ఆయన దాన్ని చూసి నవ్వేసి, పెన్ను తీసుకుని సగం కొట్టేశారు. "మా ఆవిడతో దయచేసి అంటే నాకు జ్వరం వచ్చిందనుకుంటదండి" అని, తన మాటలు రాసుకున్నారు. ఏమే. వింటున్నావా. తిన్నావా. ఏం వండేవు. కాళ్ళ నొప్పులెలాగున్నాయి. ఆయ్ అన్న ఒక్క ముక్కనే పన్నెండు రకాలుగా చెప్పారు, సరేనన్నట్టు, విసుక్కున్నట్టు, వింటున్నాను కానీ నమ్మడం లేదన్నట్టు. రికార్డు చెయ్యని మాట వస్తే అక్షరాల శబ్దాలు అతికి పలికించడానికి, గుణింతాలన్నీ వరసగా చదివించాను. ఆ చివరిరోజు ఆయన గొంతు గరగరలాడింది. అయినా పూర్తిచేసేదాకా ఆగలేదు.

ప్రోగ్రాం రాయడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నా గదిలో ఆయన గొంతు తిరుగుతూ ఉండేది. తిన్నావా అని మెషిన్ అడిగితే తిన్నానండి అని చెప్పిన రోజులున్నాయి. సిగ్గుపడాల్సినంత విషయం కాదనుకుంటాను, ఆ ప్రశ్న అడిగే మనిషి లేనివాళ్ళకి తెలుస్తుంది.

ఆపరేషనయ్యాక ఆయన మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. ఊపిరి అక్కడ్నించే. మనిషి సగానికి సగం తగ్గిపోయారు గానీ వేళ్ళు మాత్రం కీబోర్డు మీద అదే వేగం. అందుకే ఫోన్లో కాకుండా ఆయన షాపు కంప్యూటర్లోనే పెట్టాలనుకున్నాం. అది పాతది, కొత్త విండోసుని మొయ్యలేదు. తేలికపాటి లినక్స్ వేసి, నా ప్రోగ్రాం అందులో ఎక్కించాను. ఆయన టైపు చేసి ఒక మీట నొక్కితే, ఆ వాక్యం ఆయన పాత గొంతులో వస్తుంది. మాటకీ మాటకీ మధ్య కాస్త సందు ఉంటుంది, మెట్లు దిగుతున్న మనిషిలా.

మొదటి శుక్రవారం నేనక్కడే ఉన్నాను. నాలుగింటికి ఫోను మోగింది. ఆయన ఫోను స్పీకరు ముందు పెట్టి, "ఏమే, తిన్నావా" అని టైపు చేశారు. అవతల్నించి ఆవిడ గొంతు, "మీరేనాండీ? ఏవండీ, మీరే మాట్లాడతన్నారా?" అని. ఆయన పన్నెండు ఆయ్‌లలోంచి ఒకటి ఏరుకుని నొక్కారు. ఆవిడ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. నేను బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. చాలా గర్వపడ్డాను. ఆ గర్వంలో అబద్ధం లేదు.

మర్నాడే ఆయన మెసేజీ. "మెషిన్ మూగబోయిందండి."

పరిగెత్తుకెళ్ళాను. బోడసకుర్రు వంతెన దాటి బస్సులో ముప్పావుగంట. వెళ్ళి కూర్చున్నాను, పెన్‌డ్రైవు పెట్టాను, బొమ్మ మీద నొక్కాను, చక్కగా తెరుచుకుంది. ఆయన చేతులు తిప్పి ఆశ్చర్యపోయారు. నేనూ ఆశ్చర్యపోయాను. వచ్చిన ప్రయాణం వృథా కాకూడదని ఆయన భోజనం చేసి వెళ్ళమన్నారు, అంటే, అని తెర మీద రాశారు. ఇల్లు షాపు వెనకే. భార్య లేనిచోట ఏడేళ్ళుగా వండుకుంటున్న మనిషి, చెయ్యి తిరిగింది. ఆ రోజు మామిడికాయ పప్పు, రొయ్యల వేపుడు. ఆయన తనకి మెత్తగా పిసికి కలుపుకుని చిన్న గిన్నెలో తిన్నారు. నాకు అరిటాకు వేశారు. షాపు తలుపులు బార్లా తీసే ఉంచారు, మర్యాద తెలిసిన మనిషి. నేను పప్పు బావుందంటే మళ్ళీ వడ్డించారు. ఎవరైనా నాకు రెండోసారి వడ్డించి ఏడాది దాటింది.

కరెంటు పోయినా, ఉరుములు ఉరిమితే ప్లగ్గులు పీకేసినా, మళ్ళీ మెషిన్ పెడితే ప్రోగ్రాం పలికేది కాదు. నేను వెళ్తే పలికేది. ఇలా మూడుసార్లయింది. "మీరు కనపడితే గాని పలకదండి, మీ చేతిచలవ" అని రాశారు. నవ్వుకున్నాను. నాలుగోసారి పెన్‌డ్రైవు ఇంట్లో మర్చిపోయి వెళ్ళాను. ఆ రోజు నేను మెషిన్ ముందే కూర్చున్నా అది పలకలేదు. అప్పుడు బుర్ర వెలిగింది. నల్ల తెర తెరిచి, ఆ ప్రోగ్రాం ఏయే లైబ్రరీలు అడుగుతోందో, ఎక్కడ వెతుకుతోందో చూపించే ఆదేశం కొట్టాను. వరసగా అన్నీ ఉన్నాయి. ఒక్కదాని ఎదురుగా మాత్రం, దొరకలేదు అని. శబ్దాలు అతికే లైబ్రరీ అది. ఆయన పాత మెషిన్లో ఉన్నది మరీ పాతదని నేను కొత్తది తయారుచేసి నా పెన్‌డ్రైవులో పెట్టుకున్నాను. పరీక్షించేటప్పుడు అక్కడే వెతుక్కోమని ప్రోగ్రాంకి చెప్పాను. ఎక్కించేటప్పుడు ప్రోగ్రాం ఎక్కించాను, లైబ్రరీ మరిచాను. నేను వెళ్ళిన ప్రతిసారీ చేసే మొదటి పని పెన్‌డ్రైవు పెట్టడం, రికార్డింగుల కాపీ ఉంచుకుందామని. అందుకే నేనుంటే పలికేది. ఒకసారి తెరుచుకున్నాక పెన్‌డ్రైవు తీసేసినా మెషిన్ ఆపేదాకా పలుకుతూనే ఉండేది. ఇరవయ్యేళ్ళు ఇతరుల ప్రోగ్రాముల్లో పట్టుకున్న తప్పుని నేను నా చేతులారా చేశాను.

సరిచెయ్యడం రెండు నిమిషాల పని. నా లాప్‌టాప్‌లో ఉన్న ఆ ఫైలుని తెచ్చి ప్రోగ్రాం పక్కన పెట్టి, ఇక్కడే వెతుక్కో అని చెప్పడం. అంతే. ఇక జన్మలో మూగబోదు.

నేను ఆ ఫైలుని తాత్కాలిక ఫైళ్ళుండే ఫోల్డర్లో పెట్టాను. మెషిన్ ఆపగానే ఖాళీ అయ్యే ఫోల్డరు అది. వెతికే దారిని అటు తిప్పాను. ప్రోగ్రాం తెరుచుకుంది. "దొరికిందాండీ?" అని రాసి అడిగారు. "ఇంకా ఏదో ఉందండీ, చూడాలి" అన్నాను. అప్పటికి వంటింట్లోంచి పనసపొట్టు కూర పోపు వాసన వస్తోంది.

అబద్ధానికి నేనొక కారణం తయారుచేసుకున్నాను. కొత్త లైబ్రరీతో ఇంకేమైనా ఇబ్బందులొస్తాయేమో, కొన్నాళ్ళు చూసి శాశ్వతంగా పెడదామని. మా ఆఫీసులో ఎవరైనా ఇదే కారణం చెబితే నేను ఒక్క క్షణం నమ్మను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నాకు అడగడం చేతకాదు. నాకు ఎవరూ లేరండీ, శనివారాలు మీ ఇంటికొచ్చి అన్నం తింటాను అని ఏ నోటితో అంటాను? ప్రోగ్రాం మూగబోయిందండి అని మెసేజీ వస్తే వెళ్ళడం వేరు. అప్పుడు నేను అవసరమైన మనిషిని. చీర మార్చుకుని, తల దువ్వుకుని, పెద్దపనేదో ఉన్నట్టు బస్సెక్కేదాన్ని.

శుక్రవారాలు చాలామటుకు గండం గడిచింది. ఆ వారంలో ఎప్పుడో ఒకరోజు నేను వెళ్ళి పెట్టి వచ్చేదాన్ని, ఆయన మెషిన్ ఆపకుండా జాగ్రత్తపడేవారు. ఒక శుక్రవారం ముందు రోజు ఈదురుగాలికి చెట్టు పడి, తాటిపాక మొత్తానికి కరెంటు పోయింది. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మూడున్నరకి మెసేజీ పెట్టారు. "మూగబోయిందండి. నాలుగింటికి ఫోనొస్తాది. ఏవైనా చెప్పండి, నేనే చేసుకుంటాను."

నేను చదివాను. మూడూ ముప్పై రెండుకి చదివాను. ఆ ఫైలు ఫోనుకి పంపించి, ఎక్కడ పెట్టాలో రెండు ముక్కలు రాస్తే ఆయన చేసుకోగలరు, కీబోర్డు ఆయనకి కొత్తా? కానీ ఆ రెండు ముక్కలు రాస్తే అంతా అయిపోతుంది. మర్నాడు శనివారం. "చెప్తే అయ్యే పని కాదండీ, రేపు వస్తాను" అని రాశాను. ఒక్క వారం మాట్లాడకపోతే ఏమవుతుందనుకున్నాను. తర్వాత ఒక మీటింగులో కూర్చుని ఎవరి ప్రోగ్రాములోనో తప్పు పట్టాను.

శనివారం పదిన్నరకల్లా వెళ్ళాను. ఆయనకి మింగడానికి సులువని పాలకోవా పట్టుకెళ్ళాను. షాపు తెరిచే ఉంది గానీ వంటింట్లో పొయ్యి వెలిగించిన జాడ లేదు. ఆయన కుర్చీలో కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నారు. నన్ను చూసి లేచి, ఎప్పట్లానే స్టూలు లాగారు. ఫోను తీసి, రాసి చూపించారు.

"సంతకం పెట్టేసిందండి. ఇంకో రెండేళ్ళు."

నాకు అర్థం కాలేదు. మెల్లిగా రాసుకుంటూ చెప్పారు. ఆవిడ ఒప్పందం ఈ నెలతో అయిపోతోంది. యజమానురాలు ఉండమని అడిగింది, శుక్రవారం సాయంత్రానికల్లా తేల్చమంది. ఆ ఫోన్లో ఆవిడ ఆయన్ని అడిగింది, ఉండనా, వచ్చెయ్యనా, మీరేమంటే అది అని. ఈయన బొమ్మ మీద నొక్కుతూనే ఉన్నారు. బాణం తిరిగి తిరిగి ఆగింది. ఆవిడ హలో హలో అంది. మీ ఇష్టమండి, చెప్పండి అంది. కాసేపు చూసి, సరేలెండి అని పెట్టేసింది. మళ్ళీ కలపబోతే ఫోను ఎత్తలేదు, పనిలోకి వెళ్ళిపోయింది. మౌనం అర్ధాంగీకారమన్నారు కదా. రాత్రికల్లా సంతకమైపోయిందని ఆవిడే ఫోన్లో మాట రికార్డు చేసి పంపింది.

"పక్కన ఎవరినైనా పిలిచి చెప్పించాల్సిందండీ" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. తప్పు ఆయన మీదకి తొయ్యడానికి అంత తొందరా?

ఆయన రాశారు. "వచ్చేయ్ అని చెబుదావనుకున్నానండి. ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను అని. అది ఇంకో నోటితో ఎలా చెప్పిస్తాను?"

నేను లాప్‌టాప్ తీశాను. ఫైలు ఆయన మెషిన్లోకి ఎక్కించి, ప్రోగ్రాం పక్కన, ఉండాల్సిన చోట పెట్టాను. అక్కడే వెతుక్కోమని చెప్పాను. మెషిన్ ఆపాను, ప్లగ్గు పీకాను, మళ్ళీ పెట్టాను. నొక్కాను. తెరుచుకుంది. ఇంకోసారి ఆపి చూశాను, తెరుచుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి నాకు సరిగ్గా రెండు నిమిషాలు పట్టింది. ఆయన గడియారం వంక చూడ్డం నేను చూశాను. తెలివైన మనిషి. ఏమీ రాయలేదు.

చెప్పకపోయినా గడిచిపోయేది. కానీ చెప్పాను. పెన్‌డ్రైవు సంగతీ, తాత్కాలిక ఫోల్డరు సంగతీ, నిన్న మూడూ ముప్పై రెండుకి మెసేజీ చదివిన సంగతీ, ఒక్కటీ దాచుకోకుండా. ఎందుకు చేశానో కూడా చెప్పాను. "ఇంట్లో ఒక్కదాన్నే ఉంటానండి. ఇక్కడికొస్తే మీరు అన్నం పెడతారు" అన్నాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుందని బిగబట్టుకున్నాను.

ఆయన మెడ దగ్గర గుడ్డ ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది. తర్వాత కీబోర్డు దగ్గరికి జరిగి టైపు చేశారు, మీట నొక్కారు. ఆ పాత గొంతు, ఆపరేషనుకి ముందు గొంతు, గది నిండా పలికింది.

"బోయినానికి రమ్మంటే రారా అండి మీరు?"

మళ్ళీ టైపు చేశారు.

"మా ఆవిడకి చెప్పకండి. నేను రమ్మందావనుకున్నానని తెలిస్తే ఆ రెండేళ్ళూ అది అక్కడ ఉండలేదు."

ఆ రోజు భోజనం లేదు. పాలకోవా పొట్లం బల్ల మీద పెట్టేసి బస్సెక్కాను. వంతెన మీద కిటికీలోంచి గాలి మొహానికి కొడుతుంటే అప్పుడు ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ నా వంక చూసి, ఏమీ అడక్కుండా సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసిచ్చింది.

తర్వాతి గురువారం ఆయన మెసేజీ పెట్టారు. "రేపు నాలుగింటికి రండి. మీరుంటే ధైర్యం." ప్రోగ్రాం గురించి ఏమీ లేదు. సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన నాకు టీ పెట్టిచ్చారు. ఇద్దరం మెషిన్ ముందు కూర్చున్నాం. ఫోను మోగింది.

"ఏవండీ, ఉన్నారాండీ? ఇయ్యాళైనా మాట్లాడతారాండీ?" అని ఆవిడ గొంతు.

"ఆయ్" అని పలికింది.

"బతికించేరు. పోయిన వారం ఎంతసేపు ఫోను పట్టుకుని నిలబడ్డానో తెలుసాండీ? మీ ఊపిరి వినపడతానే ఉంది. వచ్చెయ్యవే అంటారేమో అని చూసేను. ఇంకో నిమిషం ఆగుదాం, ఇంకో నిమిషం ఆగుదాం అనుకుంటా నిలబడ్డాను. లోపల్నించి మేడమ్ కేకేస్తంది. మీరేమో ఏమీ అనలేదు. ఉండమనే కదా మీ మనసులో, అని సంతకం పెట్టేసేను. అంతే కదండీ?"

ఆయన వేళ్ళు కదిలాయి. తెర మీద అక్షరాలు పెద్దవి, నాకు కనపడకుండా దాచలేరు. "రమ్మనే అనుకున్నానే. మెషిన్ పలకలేదు" అని టైపు చేశారు. మీట నొక్కలేదు. ఆ వాక్యాన్నే చూస్తూ ఉండిపోయారు. అవతల ఆవిడ "ఏవండీ" అంది. ఆయన చివర్నుంచి ఒక్కో అక్షరం చెరుపుకుంటూ వచ్చారు, తెర ఖాళీ అయ్యేదాకా. అప్పుడు వేరేది కొట్టి నొక్కారు.

"ఉండమనే అనుకున్నానే. నువ్వు చేసింది మంచిదే."

ఒక్క మాట తడబడలేదు. ఒక్క శబ్దం చెదరలేదు. నేను రాసిన ప్రోగ్రాం అంత సాఫీగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"ఆయ్. అదే అనుకున్నానండి" అంది ఆవిడ. ముక్కు చీదుకున్న చప్పుడైంది. ఇక్కడ కరెంటు ఉందా, గాలికి రేకులేమైనా లేచిపోయాయా అని అడిగింది. ఆయన ఒక్కొక్కటీ చెప్పారు. గంట గడిచింది. పెట్టెయ్యబోతూ, "ఒదినగారు ఉన్నారాండీ అక్కడ?" అంది. ఆయన ఫోను నా వైపు జరిపారు.

"ఉన్నానండీ వదినగారూ" అన్నాను.

"మీ మేలు మర్చిపోలేనండి. మీరు లేకపోతే ఈయన గొంతు నాకు దక్కేది కాదు. ఒక్కటే అడుగుతానండి, ఏవీ అనుకోకండి. ఆయన ఒక్కరే ఉంటారు కదా. మీకు కుదిరినప్పుడల్లా వచ్చి ఇంత తిని, కాసేపు కూర్చుని వెళ్తా ఉండండి. రెండేళ్ళే కదండీ."

వస్తానని చెప్పాను.